ఏ దేశానిదీ కాని సామెత

బోర్డమ్మను మనం మెట్ల మీద వదిలేశాం. చంకలో అట్ట చిరిగిన రిజిస్టరు, ఎదురుగా మేనేజరు గది తలుపు, వెనక టైమాఫీసు కిటికీలోంచి చూస్తున్న పది జతల కళ్ళు. ఒకటో నంబరు సరుకు లిఫ్టు తాడు తెగి, నాలుగో అంతస్తు నుంచి కిందపడి దాన్ని నడిపే ఆమె బావ చనిపోయి ఆ రోజుకి తొమ్మిది రోజులు. ‘తాడులో లోపం ఉందని లిఫ్టు మనిషి ఎవరికీ చెప్పలేదు, ప్రమాదం అతని అజాగ్రత్త వల్లే జరిగింది’ అని మిల్లు గేటుకి నోటీసు అంటించి ఆరు రోజులు. విచారణకి వచ్చిన అధికారి పొద్దున్నే గేటు దగ్గరి సూక్తుల బోర్డు చూసి, దాని రిజిస్టరు పట్టుకురమ్మన్నాడు. మెట్ల మలుపులో మేనేజరు ఆమెను ఆపి చెప్పిన మాట మీకు గుర్తుండే ఉంటుంది. “రిజిస్టర్లో ఏముందో అదే చెప్పమ్మా. ఒక్క ముక్క ఎక్కువ వద్దు, తక్కువ వద్దు.”

వినడానికి ఎంత న్యాయంగా ఉంది! రిజిస్టర్లో ఉన్నదే అబద్ధమని ఆయనకి తెలియదు. రాసినావిడ కాబట్టి ఆమెకి తెలుసు.

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

గది పొడుగ్గా ఉంది. గోడ పొడవునా బట్టల నమూనాలు మేకులకి వేలాడుతున్నాయి. కిటికీలోంచి చూస్తే పెరట్లో వరసగా మూడు లిఫ్టు గూళ్ళు కనిపిస్తాయి. మొదటిదానికి అడ్డంగా చెక్కలు కొట్టేశారు. మిగతా రెండూ పైకీ కిందకీ తిరుగుతూనే ఉన్నాయి. విచారణాధికారి చిన్న మనిషి. జలుబు చేసి ముక్కు ఎర్రబడింది. ఒక చేతిలో రుమాలు, ఒక చేతిలో పెన్ను, రెండింటికీ సమానంగా పని చెబుతున్నాడు. మేనేజరు ఆయన పక్కన పెళ్ళివారి పెద్దలా కూర్చున్నాడు.

“ఈ బోర్డు ఎవరు పెట్టించారు?” అన్నాడు అధికారి.

“మా యాజమాన్యమే సార్,” అన్నాడు మేనేజరు. “మూడేళ్ళ కిందట ఒక కార్మికుడికి చెయ్యి నలిగింది. అప్పటి నుంచి కార్మికుల్లో జాగ్రత్త పెంచాలని, హెచ్చరికలు వినడం మీద, పెద్దల సలహాల మీద ప్రపంచంలో ఎక్కడెక్కడి సామెతలూ రోజుకొకటి రాయిస్తున్నాం. నేను రోజూ చదువుతాను. ఒక్క రోజు కూడా మానలేదు.”

చెయ్యి నలిపిన యంత్రాన్ని మాత్రం అప్పుడు మార్చలేదు. ఇప్పటికీ మార్చలేదు. దాని ఎదురుగా ఒక నల్లబోర్డు వెలిసిందంతే. బోర్డమ్మ అసలు పని టైమాఫీసులో హాజరు వెయ్యడం. చేతిరాత ముత్యాల్లా ఉంటుందని బోర్డు కూడా ఆమె నెత్తిన పెట్టారు. అప్పటి నుంచి మిల్లులో ఆమె పేరు బోర్డమ్మ అయింది. పెట్టిన పేరు ఇంట్లోనే మిగిలిపోయింది.

అధికారి రిజిస్టరు తెరిచి, ముక్కు తుడుచుకుంటూ చదవడం మొదలుపెట్టాడు.

“‘మంచి మందు నోటికి చేదు, మంచి మాట చెవికి చేదు.’ చైనా సామెత. బాగుంది. ‘పెద్దల మాట విననివాడి కాలు విరుగుతుంది.’ తూర్పు ఆఫ్రికా తీరం. ఊఁ. ‘దేవుడికి దణ్ణం పెట్టు, తెడ్డు మాత్రం ఒడ్డు వైపే వెయ్యి.’ రష్యా. ‘చెప్పేవాళ్ళు లేని ఈగ శవంతో పాటు గోతిలోకి దిగుతుంది.’ పడమటి ఆఫ్రికా.” రిజిస్టరు మీంచి ఆమె వైపు చూశాడు. “ఇవన్నీ నువ్వెక్కడ పట్టావమ్మా?”

“మా బావ చెప్పినవే సార్ ఎక్కువ. పద్నాలుగేళ్ళు ఓడల మీద పని చేశాడు. అన్ని దేశాల వాళ్ళతో కలిసి తిన్నాడు, పడుకున్నాడు. ఇక్కడ అందరూ ఆయన్ని సముద్రం అనేవాళ్ళు. గేటు దగ్గర నా పెట్టె ఉంటుంది. అందులో చీటీ వేసేవాడు. కింద దేశం పేరు కూడా రాసేవాడు. నేను కాస్త సరిచేసి బోర్డు మీదకి ఎక్కించేదాన్ని.”

“సరిచెయ్యడం అంటే?”

“సామెత అన్నాక ఒక నడక ఉండాలి కద సార్. ఆయన రాసింది రాసినట్టు పెడితే ఉత్తరంలా ఉండేది.”

అధికారి పేజీలు తిప్పాడు. ఆయన వేలు ఎక్కడ ఆగుతుందో ఆమెకి ముందే తెలుసు. ఆ పేజీ మూల మడత కూడా తెలుసు. తొమ్మిది రోజులుగా ఆ పేజీ తీసి చూడటం, మూసెయ్యడం, మళ్ళీ తియ్యడం ఇదే ఆమె పని.

“ప్రమాదానికి పదకొండు రోజుల ముందు. సోమవారం. ‘గుడ్డ పట్టిన తాడును నమ్మకు.’ ఒక ద్వీప దేశపు సామెత.” ఆయన తలెత్తాడు. “ఏ ద్వీపం?”

మేనేజరు నవ్వాడు. “సముద్రంలో ద్వీపాలకి కొదవేముంది సార్?”

“నేను ఆవిడని అడిగాను.”

ఆ గుడ్డ సంగతి ఇక్కడ మీకు చెప్పాలి. ఇనుప తీగలు పేనిన తాడు పైకి నున్నగానే కనబడుతుంది. లోపల ఒక్కో తీగా తెగుతుంటే కంటికి ఆనదు. అందుకని ప్రతి సోమవారం పని మొదలవక ముందు బావ పై గదిలోకి ఎక్కి, తాడు చుట్టూ ఒక నూలుగుడ్డ వదులుగా పట్టుకుని, ఖాళీ లిఫ్టుని మెల్లగా దింపించేవాడు. తెగిన తీగ ముల్లులా పైకి లేచి ఉంటే గుడ్డ అక్కడ చిక్కుకుంటుంది. కళ్ళు చూడనిది గుడ్డ చూస్తుంది అనేవాడు. మిల్లులో ఆ గుడ్డ తెలియనివాళ్ళు లేరు.

ఆ సోమవారం పెట్టెలో దొరికిన చీటీ మీద రెండే వాక్యాలు ఉన్నాయి. ‘గుడ్డ మూడు చోట్ల పట్టుకుంది. ఇక ఆ తాడుని నమ్మకూడదు.’ కింద దేశం పేరు లేదు.

ఆమె సుద్దముక్క పట్టుకుని ఒక నిమిషం నిలబడింది. ఇది సామెతా, కబురా అని అనుమానం వచ్చింది. వచ్చింది, రాలేదని ఎలా అంటుంది? నలభై అడుగులు నడిస్తే లిఫ్టు, లిఫ్టులో బావ. వెళ్ళి “బావా, ఇదేంటి?” అని అడిగితే అయిపోయేది. కానీ మొదటి షిఫ్టు గంట కొట్టబోతోంది, బోర్డు ఖాళీగా ఉంది, మేనేజరు కారు గేటు దాకా వచ్చేసింది. దేశం పేరు మర్చిపోయాడులే అనుకుంది. మూడు చోట్లు తీసేసింది, వాక్యాలు రెండూ కలిపింది. కింద ఉత్తినే వదిలేస్తే బోసిగా ఉంటుందని ఒక ద్వీపాన్ని కూడా పుట్టించింది. మేనేజరు కారు దిగి చదివి, “ఇవాళ్టిది భలే ఉందమ్మా” అన్నాడు. ఆమె సిగ్గుపడింది.

“ఏ ద్వీపమూ కాదు సార్,” అంది.

మేనేజరు కుర్చీ కిర్రుమంది.

“అది సామెత కాదు. మా బావ ఒకటో లిఫ్టు తాడు గురించి రాసిన చీటీ. గుడ్డ మూడు చోట్ల పట్టుకుందని రాశాడు. నేనే దాన్ని సామెతలా మార్చాను. దేశం నేనే కల్పించాను. మా బావ చెప్పలేదని గేటుకి నోటీసు పెట్టారు. చెప్పాడు సార్. నాకు చెప్పాడు. నేనే ఎవరికీ చెప్పలేదు.”

ఒక్క గుక్కలో అనేసింది. తొమ్మిది రోజులుగా దాచుకున్నది బయటికి వచ్చేస్తే ప్రాణం తేలికపడుతుందనుకుంది. తేలికపడలేదు.

అధికారి రుమాలు బల్ల మీద పెట్టాడు. “ఆ చీటీ ఏది?”

“బోర్డు మీదకి ఎక్కించాక చింపేస్తాను సార్. రోజూ అంతే.”

“చూశారా!” అన్నాడు మేనేజరు, ఊపిరి మళ్ళీ అందినట్టు. “చీటీ లేదు. ఇరవై రోజులు నోరెత్తలేదు. ఇప్పుడు ఎత్తుతోంది. ఎవరి కోసం? సొంత అక్క మొగుడి కోసం! పోయినవాడి మీద మచ్చ పడకూడదని ఏదో తాపత్రయం. తప్పు పట్టను సార్, బంధుత్వం అలాంటిది. కానీ రిజిస్టర్లో సిరాతో రాసి ఉంది, ద్వీప దేశపు సామెత అని. ఏది నమ్ముతారు?”

తను సరదాకి పుట్టించిన ద్వీపం మిల్లువాళ్ళకి కోటగోడ అయి కూర్చుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, ఇక్కడ వినేవాళ్ళ దగ్గర చెప్పేవాళ్ళే లోకువైపోయారు.

“బయట ఆయన భార్య ఉందన్నారు కదా,” అన్నాడు అధికారి. “పిలవండి.”

పిలవాల్సిన పని లేకపోయింది. వరండాకీ గదికీ మధ్య ఉన్నది చెక్క తడిక. తడిక అవతల బల్ల మీద కూర్చున్నవాళ్ళకి లోపల దగ్గినా వినపడుతుంది. అక్క తలుపు తీసుకుని వచ్చింది. మొహంలో ఏడుపు లేదు. ఒంటి మీద మిల్లు ముద్ర వేసిన కొత్త ఖాకీ కోటు ఉంది, చేతులు పొడుగై మణికట్టు దగ్గర రెండు మడతలు పెట్టింది. ఆ కోటు ఎందుకు వేసుకుందో బోర్డమ్మకి అర్థం కాలేదు. అడిగే మొహమూ లేదు.

“అంతా విన్నాను సార్,” అంది అక్క. “మా చెల్లెలు చెప్పింది నిజమే. చీటీ నా ముందే రాశారు.”

“మరి సరైన ఫారం మీద ఎందుకు ఇవ్వలేదమ్మా?” అన్నాడు మేనేజరు.

“రెండుసార్లు ఇచ్చారు. ఫోర్‌మన్ సంతకం ఉంటేగానీ మీ దాకా రాదుగా. మొదటిసారి, ‘తాడు తెగిందా? తెగలేదుగా. తెగినప్పుడు రాయి’ అన్నాడట. రెండోసారి నవ్వి జేబులో పెట్టుకున్నాడట.”

“ఫోర్‌మన్ సెలవులో ఉన్నాడు సార్,” అన్నాడు మేనేజరు అధికారితో. “లేని మనిషి గురించి...”

“తర్వాత?” అన్నాడు అధికారి అక్కతో.

అక్క చెల్లెలి వైపు తిరిగింది. గదిలో ఇంకెవరూ లేనట్టు ఆమెకే చెప్పడం మొదలుపెట్టింది.

“ఓడల మీద ఒక పద్ధతి ఉందట. ఒకళ్ళు ఒక మాట చెబితే, విన్నవాళ్ళు అదే మాట తిరిగి అనాలట. గాలిలో, హోరులో, విన్నారో లేదో ఎలా తెలుస్తుంది? తిరిగి అంటే విన్నట్టు. అనకపోతే వినలేదని, అనేదాకా చెబుతూనే ఉండాలట. ఆయన మన ఇంట్లో కూడా అంతే కదా. ఉప్పు తెమ్మంటే ‘ఉప్పు’ అని వెళ్ళేవారు. నువ్వే నవ్వేదానివి.”

“అక్కా...”

“విను. ఆ ఆదివారం మూడో ఫారం రాశారు. మిల్లుకి కాదు, ఈ సార్ వాళ్ళ ఆఫీసుకే పోస్టు చేద్దామని. కవరు మీద నేనే అడ్రసు రాశాను. సోమవారం సాయంత్రం పోస్టు చెయ్యాలి. ఎందుకైనా మంచిది, ముందు చెల్లి పెట్టెలో కూడా ఒక ముక్క వేస్తా, మేనేజరు రోజూ చదువుతాడుగా అన్నారు. సోమవారం ఇంటికొచ్చేసరికి ఆయన మొహం చూడాలి నువ్వు. ‘విన్నారే! నా మాట బోర్డు మీద తిరిగి చెప్పారు. మేనేజరు చదివాడట, బాగుందన్నాడట. ఇంక మార్చేస్తారు’ అన్నారు. ఆ కవరు చింపేశారు. పోస్టు చేస్తే పాపం వాళ్ళకి మాటొస్తుంది, విన్నవాళ్ళ మీద ఫిర్యాదు ఎందుకు అన్నారు.”

అక్క మేనేజరు వైపు తిరిగింది.

“పదకొండు రోజులు ధైర్యంగా ఎక్కారు. తాడు బాగుందని కాదు. మీరు విన్నారని.”

బోర్డమ్మ బల్ల అంచు పట్టుకుంది. చీటీ సంగతి దాచెయ్యడం ఒక పాపం అని తొమ్మిది రోజులుగా తనని తాను తిట్టుకుంటోంది. బోర్డు మీద రాయకుండా చీటీని చింపి పారేసి ఊరుకున్నా బావ బతికేవాడు. బోర్డు మీద కనబడకపోతే వినలేదని అనుకునేవాడు, ఆ కవరు పోస్టు చేసేవాడు. తను అందంగా, నడక కుదిరేలా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. అదే అతన్ని లిఫ్టు ఎక్కించింది. ఆమెకి ఏడుపు రాలేదు. ఎవరైనా తన చెంప పగలగొడితే బాగుండునని మాత్రం అనిపించింది.

“ఆ చింపిన ముక్కలు ఉన్నాయా?” అన్నాడు అధికారి, గొంతు తగ్గించి.

“పొయ్యిలో వేశాను సార్.”

ఆయన పెన్ను మూత పెట్టి, కిటికీ వైపు చూశాడు. “ఈ మూడు లిఫ్టుల తాళ్ళూ ఎప్పుడు వేశారు?”

“ఒకే రోజు సార్,” అన్నాడు మేనేజరు. “ఒకే చుట్టలోంచి కోసి మూడింటికీ వేశాం. అన్నీ ఒకే రకం, ఒకే నాణ్యత.” అనేశాక తను ఏమన్నాడో వినబడినట్టుంది, నాలిక కరుచుకున్నాడు.

“అయితే ఆ రెండూ ఆపెయ్యాలి.”

“ఆర్డరు ఇవ్వండి సార్, ఆ క్షణమే ఆపేస్తాం.”

“నాది రాసే పని. ఆపమనే ఆర్డరు పై ఆఫీసు నుంచి రావాలి. నాలుగు రోజులు పడుతుంది. ఈలోగా మీరే మంచి మనసుతో...”

“మంచి మనసుకి లోటు లేదు సార్. కానీ బట్టల బేళ్ళు భుజాల మీద నాలుగు అంతస్తులు ఎవరు మోస్తారు? నాలుగు రోజులెంత, కళ్ళు మూసి తెరిస్తే అయిపోతాయి.”

రెండో షిఫ్టు గంట కొట్టింది. అక్క కోటు బొత్తాలు పెట్టుకుంది.

“నేను వెళ్ళాలి సార్. డ్యూటీ.”

“ఏం డ్యూటీ?” అంది బోర్డమ్మ.

జవాబు మేనేజరు చెప్పాడు, కొంచెం గర్వంగానే. “పోయినవాళ్ళ ఇంట్లో ఒకరికి పని ఇవ్వడం మా మిల్లు ఆనవాయితీ సార్. పనిలో ఎవరూ లేకపోతే క్వార్టరు కూడా ఖాళీ చెయ్యాలి కదా, చిన్న పిల్లతో ఎక్కడికి పోతుంది? ఇవాళ్టి నుంచి రెండో నంబరు లిఫ్టు ఆవిడకే ఇచ్చాం.”

అక్క అప్పటికే గుమ్మం దాటింది.

బోర్డమ్మ రిజిస్టరు అక్కడే వదిలేసి పరిగెత్తింది. మెట్ల మీద షిఫ్టు దిగేవాళ్ళు ఎదురొస్తున్నారు. ఒకరి మోచెయ్యి, ఒకరి టిఫిను డబ్బా తగిలాయి. “బోర్డమ్మా, ఇవాళ బోర్డు రాయలేదేం?” అని ఎవరో పరాచికం ఆడారు. ఆమె పెరట్లోకి వచ్చేసరికి హమాలీలు ఇద్దరు ఆఖరి బేలు లోపలికి నెట్టి బయటికి వస్తున్నారు. అక్క లోపల, బటన్ల పక్కన నిలబడి ఉంది.

“దిగు,” అంది బోర్డమ్మ రొప్పుతూ.

“ఎందుకు?”

“ఈ తాడు తెగుతుంది. బావది తెగినట్టే తెగుతుంది. నువ్వు చచ్చిపోతావు. దిగు.”

అక్క ఆమెను తేరిపార చూసింది. “ఎంత సూటిగా చెప్పావే! నీకు ఇలా మాట్లాడటం కూడా వచ్చన్నమాట. ఈ నాలుగు ముక్కలూ ఇరవై రోజుల కిందట ఆ కారు దిగినాయనతో అనలేకపోయావా?”

“అనలేదు. తప్పే. చచ్చేదాకా నన్ను తిట్టు. ముందు దిగు.”

“దిగి? రేపు సామాను వీధిలో పెడతారు.”

“పిల్లని తీసుకుని నా గదికి రా.”

“నీ గదికి.” అక్క నవ్వింది. ఆ నవ్వు చూసి హమాలీలు ఒకడుగు వెనక్కి వేశారు. “ఆయన్ని చంపిన చేత్తో నువ్వు పెడితే, నేనూ నా కూతురూ తినాలి. అంతేనా?”

సలహా ఎంత మంచిదైనా, చెప్పే నోరు ఎవరిదన్నది కూడా మనిషి చూస్తాడు. నాలుగు ఖండాల సామెతలు బోర్డమ్మ రాసింది కానీ, చెడ్డపేరు తెచ్చుకున్న నోటితో మంచి మాట ఎలా చెప్పాలో ఏ దేశంవాళ్ళూ ఆమెకి నేర్పలేదు. అందుకని మాటలు మానేసి గడప దాటి లిఫ్టులోకి ఎక్కింది. బేళ్ళకి ఆనుకుని నిలబడింది.

“దిగవే. ఇది సరుకు లిఫ్టు. మనుషులు ఎక్కకూడదు.”

“నువ్వు మనిషివి కాదా?”

తొమ్మిది రోజుల్లో మొదటిసారి అక్క మొహంలో ఏదో కదిలింది. దిగుతుందనుకుంది బోర్డమ్మ. చెయ్యి చాచింది కూడా.

ఆ చెయ్యి అక్క పట్టుకోలేదు. జాలీ తలుపు పట్టుకుని గడగడ లాగి మూసేసింది.

“సరే. ఆయన పదకొండు రోజులు ఎలా ఎక్కారో నువ్వూ చూద్దువుగాని.”

వేలు పెట్టి నొక్కి ఉంచినంతసేపే కదిలే పాతకాలపు లిఫ్టు అది. వేలు తీస్తే ఆగిపోతుంది. ఒక్క కుదుపుతో నేల వదిలింది. హమాలీల తలలు కిందకి జారిపోయాయి. మొదటి అంతస్తు గోడ జాలీ ముందు నుంచి మెల్లగా దిగిపోయింది. పెరట్లోంచి అధికారి గొంతు, జలుబుతో బొంగురుపోయి, “ఆపండి! ఎవరైనా ఆపండి!” అని అరుస్తోంది.

“అక్కా, నీ కూతురు...” అంది బోర్డమ్మ.

రెండో అంతస్తు దాటింది. పైన ఎక్కడో తీగ తెగినట్టు టప్పుమని ఒక చిన్న చప్పుడు అయింది. ఇద్దరూ ఒకేసారి తలలెత్తారు.

అక్క వేలు మాత్రం బటన్ మీంచి తియ్యలేదు.